మక్కాకు ముందు మా గడప

నా చిన్నప్పుడు మా గల్లీలో ఎవరైనా హజ్జుకు పోతున్నారంటే ఆ సంబరం ఒక్క ఇంటిది కాదు, గల్లీ మొత్తానిది. బోధన్‌లో మేముండే చోట సగం ముస్లింల ఇళ్లు, తక్కిన సగం మాలాంటి వాళ్లవి. మాది మెథడిస్టు కుటుంబం. బాపు చక్కెర ఫ్యాక్టరీలో పని చేసేవాడు. చెరుకు కాలం వస్తే బండ్ల వరుస మా గల్లీ మొగదాకా నిలిచేది, గాలి నిండా చెరుకు మడ్డి వాసన. అరవైల మొదట్లో సంగతి ఇది.

మక్కా పోవడమంటే అప్పుడు మాటలు కాదు. రైల్లో బొంబాయి, అక్కడినుంచి ఓడ. పోయి రావడానికి నెలలు పట్టేది. తిరిగొస్తామన్న నమ్మకం లేక ముసలివాళ్లు బియ్యం, పచ్చళ్లతో పాటు శవానికి చుట్టే కఫన్ గుడ్డ కూడా పెట్టెలో సర్దుకునేవాళ్లు. బయలుదేరే ముందు ఇల్లిల్లూ తిరిగి "కహా సునా మాఫ్ కరో" అని అడగడం ఆచారం. అన్నదీ, విన్నదీ, తెలిసి చేసిందీ, తెలియక చేసిందీ అన్నీ మన్నించమని. పాలు పోసే ఆమెను అడిగేవాళ్లు, కిరాణా దుకాణంలో అడిగేవాళ్లు, మా పాస్టరుగారిని కూడా వదిలేవాళ్లు కాదు. ఎవరైనా చెప్పే జవాబు ఒకటే: "అంతా మాఫ్, మా కోసం కూడా దువా చెయ్యండ్రి."

ఆ ఏడు పక్కింటి దాదీ వంతు వచ్చింది. ఆమె అందరికీ దాదీయే. వాళ్ల వాకిట్లో గిలక బావి ఉండేది, గల్లీ సగానికి అదే నీళ్లు. ఒక్క మా అవ్వ, బాపు వాళ్లమ్మ, మాత్రం పక్కనే బావి పెట్టుకొని చౌరస్తా నల్లా దాకా బింద మోసుకుపోయేది. ఎందుకని అడిగితే "ఆ నీళ్లు నాకు పడయి" అనేది. నేను నమ్మాను. నాకు మాత్రం ఆ ఇంట్లో సేమ్యా తినడానికీ, మేకపిల్లతో ఆడడానికీ అడ్డు చెప్పేది కాదు.

మా అవ్వ మామూలు మనిషి కాదు. ఆమె ముందు వరుసలో కూర్చుంటే పాస్టరుగారు ప్రసంగం కుదించుకునేవారు. అలాంటి మనిషి దాదీ మాఫీ అడగడానికి వచ్చేసరికి చేతిలో చాట అలాగే పట్టుకొని పెరట్లోకి వెళ్లిపోయింది. రెండోసారి వస్తే తలుపు వేసేసింది. బాపుకు తల కొట్టేసినట్టయింది. గల్లీ అంతా చూస్తోంది మరి.

తెల్లారితే రైలు అనగా దాదీ మూడోసారి వచ్చింది. ఈసారి నిలబడలేదు. మోకాళ్లు పట్టుకొని మెల్లగా మా గడప మీద కూలబడింది. బాపు పరుగున వెళ్లి, "నువ్వు పోయి రా పెద్దమ్మా, మా అమ్మ దిక్కుకెల్లి నేను మాఫ్ చేస్తున్న" అన్నాడు.

దాదీ తల అడ్డంగా ఊపింది. "నువ్వు చేస్తే చెల్లది బేటా. అల్లాకు చేసిన తప్పు అల్లా చూసుకుంటడు. మనిషికి చేసిన తప్పు ఆ మనిషే మాఫ్ చెయ్యాలె. కాబా ముందట ఎంత ఏడ్సినా అది పోదు. గీ బరువుతోని పోతే నేను ఓడెక్కినట్టే గాని హజ్జు చేసినట్టు గాదు."

లోపలినుంచి అవ్వ గొంతు వచ్చింది. "నీళ్లు ఇయ్యంది నాకు గాదు, పోరికి. పోరినే అడుగుమను."

ఆ పోరిని నేనే. ఎవరు నాకు నీళ్లు ఇవ్వలేదో, ఎప్పుడో, నాకేమీ తెలియదు. దాదీ నన్ను పిలిచి ఎదురుగా పీట మీద కూర్చోబెట్టుకుంది. నా చెంపల మీది మచ్చలను వేళ్లతో తడిమింది. నేను చంటిపిల్లగా ఉన్నప్పుడు మా ఇంట్లో మశూచి వచ్చిందని నాకు తెలుసు. ఆ ఎండాకాలం మధ్యాహ్నం ఏం జరిగిందో అప్పుడే తెలిసింది. నేను జ్వరంలో నాలుక చాపి ఏడుస్తుంటే ఇంట్లో చుక్క నీళ్లు లేవట. అవ్వ బింద పట్టుకొని బావికి పోతే, దాదీ తలుపు తీయలేదట. వాళ్లింట్లో అప్పుడు చిన్నపిల్లలు ఉన్నారు. రోగం ఎక్కడ అంటుకుంటుందోనని భయం. గల్లీ అంతా అలాగే తలుపులు వేసుకుంది. చౌరస్తా నల్లా అప్పటికింకా పడలేదు. అవ్వ ఒక తలుపు దగ్గరినుంచి ఇంకో తలుపు దగ్గరికి ఉరికి, చివరికి ఊరవతల చెరుకు తోట బావినుంచి నీళ్లు తెచ్చింది. అవ్వకు గల్లీ మీద కోపం లేదు. ప్రాణానికి ప్రాణంగా ఉన్న దాదీ మీదే కోపం.

ఇదంతా చెప్పి దాదీ ఊరుకోలేదు. తను పోతున్న ఊరు ఎట్లా పుట్టిందో కూడా చెప్పింది. అది ఒకప్పుడు ఊరే కాదట. ఇబ్రహీం ప్రవక్త తన భార్య హాజిరాను, పాలు తాగే బిడ్డను దేవుడి ఆజ్ఞ మీద విడిచి వచ్చిన రాళ్ల లోయ. తిత్తిలో నీళ్లయిపోయాయి. బిడ్డ దప్పికతో గిలగిల్లాడుతుంటే ఆ తల్లి ఒక గుట్ట మీదినుంచి ఇంకో గుట్ట మీదికి ఉరికింది, ఎవరైనా కనిపిస్తారేమోనని. ఆదివారం బడిలో మేము హాగరు కథ విన్నవాళ్లమే. "ఈ కథ నాకు తెలుసు దాదీ" అన్నాను. "తెలుసు గదా, మీ కథ మా కథ ఒక్క ఇంటివే" అంది దాదీ. హజ్జుకు పోయినవాళ్లంతా, రాజయినా బిచ్చగాడయినా, ఈనాటికీ ఆ రెండు గుట్టల మధ్య ఆ తల్లి ఉరికినట్టే తిరగాలట. అదీ ఆరాధనేనట.

"ఆమెకు నీళ్లు దొరికినయా?" అన్నాను. నాకు జవాబు తెలిసిన ప్రశ్నే, అయినా అడగబుద్ధి అయింది.

"దొరికినయి. బిడ్డ కాళ్ల కాడనే ఊట పుట్టింది. జమ్ జమ్ అంటరు దాన్ని. ఇప్పటికీ ఆగలే. తరవాత ఏమైందో ఎరుకేనా? దారిన పోయే జనం పక్షులను సూసి నీళ్లున్నయని వచ్చిన్రు. అమ్మా, మేం ఈడ ఉండచ్చునా అని ఆ ఒంటరి ఆడమనిషినే అడిగిన్రు. ఉండుండ్రి అన్నది. గట్ల ఊరైంది. ఇబ్రహీం మళ్ల వచ్చి, కొడుకుతోని కలిసి కాబా కట్టిండు. ఆ ఊర్లెనే మా పైగంబర్ పుట్టిండు. దిక్కు లేని తల్లి నీళ్లిస్తే మక్కా అయింది బేటా. బావి ఉన్నదాన్ని, నేను ఒక్క బింద ఇయ్యలే."

డెబ్బై ఏళ్ల మనిషి, నాకంటే కింద కూర్చొని, నా రెండు చేతులూ తన చేతుల్లో పెట్టుకొని, "కహా సునా మాఫ్ కర్ బేటా" అంది. నన్ను అప్పటిదాకా పెద్దవాళ్లు తిట్టారు, ముద్దు చేశారు, పని చెప్పారు. మాఫీ అడిగినవాళ్లు ఎవరూ లేరు. ఆమె ఏడుస్తుంటే నేనూ ఏడ్చాను. ఏడుస్తూనే "మాఫ్" అన్నాను.

తలుపు తెరుచుకుంది. అవ్వ చేతిలో చెంబు. దాదీ ముందు పెట్టి, ముఖం పక్కకు తిప్పుకొని అంది: "మాఫ్ గీఫ్ అని నా నోట్లకెల్లి రాదు. నీళ్లు తాగి పో. ఆడ నా పోరి పేరు ఒక్కసారి చెప్పు."

దాదీ ఆ చెంబెడు నీళ్లూ తాగింది. సగం కొంగు మీద ఒలికాయి. అవ్వ కూడా గడప మీదే కూర్చుంది, మనిషికీ మనిషికీ జానెడు ఎడం ఉంచి. పొద్దున పూలదండలతో, "అల్లాహు అక్బర్" అనే తక్బీర్లతో గల్లీ అంతా స్టేషన్‌కు నడిచింది. అవ్వ స్టేషన్‌కు రాలేదు. మేము తిరిగొచ్చేసరికి దాదీ బావి దగ్గర గిలక చప్పుడు. నీళ్లు తోడుతున్నది మా అవ్వ.

దాదీ క్షేమంగా తిరిగొచ్చింది, ఎండకు నల్లబడి, సగమయిపోయి. నన్ను చూడగానే మొదట అన్న మాట: "నీ పేరు ఆడ చెప్పిన బేటా." మా మతం వాళ్లు ఆ ఊళ్లోకి పోవడానికి వీల్లేదని నాకు పెద్దయ్యాక తెలిసింది. నేను అడుగు పెట్టలేని చోట నా పేరు పెట్టి ఒకరు ప్రార్థన చేశారన్నది తలుచుకుంటే ఇప్పటికీ కళ్లు చెమరుస్తాయి. ఆ ఇద్దరు ముసలివాళ్లకూ నేను ఎంతో రుణపడి ఉన్నాను.

దేవుడిని అడగడం తేలిక, మనిషి గడప ఎక్కడమే కష్టమని ఆ రోజు చూశాను. చిన్నవాళ్ల మన్నింపు కూడా మన్నింపేననీ చూశాను. అందుకే నేను పిల్లలను అనవసరంగా కసిరితే, మంచం దిగి కింద కూర్చొని మాఫీ అడుగుతాను. మొన్న మనవరాలు నా చేతులు విడిపించుకొని, "అట్ల అడగకు అవ్వా, నాకు ఏడుపొస్తది" అంది.

రానీ తల్లీ, అన్నాను. నాకూ వచ్చింది.