పుదుచ్చేరిలో బాబాయి పూలమడి, దాని వెనక ఉబ్బిన గోడ

పుదుచ్చేరికి అందరూ సముద్రం కోసం వెళతారు. నేను ఒక గోడకు భయపడి వెళ్లాను. నెల్లితోపులో ఉండే మా పిన్ని రోజూ సాయంత్రం ఆ గోడ కిందే కూర్చుంటుంది. టౌన్‌లో ఒక విశ్వవిద్యాలయానికి పాత ప్రాంగణం ఉంది. ఆ గోడ అందులోని సున్నపు మేడది. బాబాయి అక్కడే పాఠాలు చెప్పి రిటైరయ్యారు. ఆయన పోయాక మా కుటుంబమంతా కలిసి విరాళమిచ్చి, గోడ వెంబడి సన్నజాజుల మడి వేయించాం. పోయినవాళ్ల పేరున మొక్క నాటితే, చూడవచ్చిన ప్రతివాళ్లూ దాని మొదట్లో చెంబెడు నీళ్లు పోయడం మా ఇంటి ఆచారం. పిన్ని అయితే ఒక్క రోజు కూడా మానలేదు. ఇప్పుడు గోడ ఉబ్బిందనీ, మడి తీసేస్తామంటున్నారనీ, తను మాత్రం ఒప్పుకోననీ ఫోన్లో చెప్పింది. నేను అసలే తాడును చూసి పామనుకునే రకం. మర్నాడే బయల్దేరాను.

నెల్లూరులో తెల్లవారుజామున రైలెక్కితే తొమ్మిదికల్లా చెన్నైలో ఉంటాం. అక్కడ తీరం వెంబడి ఈసీఆర్ రోడ్డు మీదుగా పోయే బస్సు పట్టుకోండి. టికెట్ మూడు వందల లోపే, ప్రయాణం సుమారు నాలుగు గంటలు. ఎడమవైపు కూర్చుంటే దారిలో అక్కడక్కడా సముద్రం కనిపిస్తుంది. నేను మాత్రం ఆకాశాన్నే చూస్తూ కూర్చున్నాను. మరక్కాణం దాటాక మబ్బు పట్టింది. చినుకు పడితే చాలు, నా కళ్ల ముందు గోడ కూలుతోంది.

బస్టాండు దగ్గర ఆటోలు మీటరు వేయవు, ఎక్కకముందే బేరమాడుకోవాలి. నేను నూట యాభైకి ఒప్పించాను. ఫోన్లో నా మాటలు విని డ్రైవరు వెనక్కి తిరిగాడు.

"తెలుగా అక్కా? మాదీ తెలుగే, మురుంగపాక్కం. మాట్లాడతాం అంతే, చదివేదానికి రాదు." ప్రాంగణం దగ్గరికి రాగానే ఆటో నెమ్మది చేశాడు. "గేటు కాడే దింపేస్తానక్కా. ఆ గోడ పక్కన మాత్రం నిలపను. మొన్న వానకి పెళ్లలు రాలినాయి. బయంగా ఉండాది."

చిల్లర కూడా తీసుకోకుండా గేటులోకి పరుగెత్తాను.

లోపల చూడవలసినవి చాలానే ఉన్నాయి. వేపచెట్ల కింది బెంచీలు ఒకరి కానుక. మేడ కప్పు ఇంకొకరిది, కరక్కాయా బెల్లమూ నానిన నీళ్లతో సున్నం కలిపి పాత పద్ధతిలోనే వేయించారు. మరమ్మతులు చూసే ఇంజినీరు సెల్వి అవన్నీ చూపిస్తూ తమిళంలో అసలు సంగతి చెప్పింది. ఉబ్బిన గోడ బాగుచేయడానికి కూడా ఒకరు విరాళం ఇచ్చారట. కానీ మడి తీసి నేల ఆరితేగాని పని మొదలుపెట్టలేరు. మడి మా కానుక కాబట్టి పిన్ని సరే అనాలి. అక్టోబరులో ఐప్పసి నెల వానలు మొదలైతే గోడ నిలుస్తుందన్న నమ్మకం లేదని మెల్లగా అంది.

అడ్డంగా కట్టిన తాడు దాటి, పిన్ని ఆ గోడ కిందే బెంచీ మీద కూర్చుని ఉంది.

"వచ్చినావా పాపా! రా, మీ బాబాయికి నీళ్లు పొయ్యి."

"పిన్నీ, ముందు లేచి ఇటు రా. నీకు దండం పెడతాను."

"ఏందే నీ బయం? నేను పెళ్లయి వచ్చిన కాణ్ణించీ ఉండాది ఈ గోడ. నాతో పాటే పోతాది."

పైన ఏదో టక్కుమంది. నేను ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని తాడు కిందనుంచి దూరి, పిన్ని రెక్క పట్టి లాగాను. ఇద్దరం వేపచెట్ల దాకా వచ్చామో లేదో, పెద్ద పెళ్ల ఊడి ఆమె కూర్చున్న బెంచీ మీదే పడింది. నేను ఏడ్చేశాను. సిగ్గేమీ వేయలేదు.

పిన్ని మాత్రం నా చెయ్యి విడిపించుకుని, దూరంగా దొర్లిన ముక్కొకటి తీసింది. పిడికిట్లో నొక్కితే అది తడి పిండిలా నలిగి, వేళ్ల సందున నీళ్లు కారాయి.

"ఇవి నేను పోసిన నీళ్లా?" అని సెల్విని అడిగింది. సెల్వి అవునని తలూపింది.

పిన్ని గోడలోని కిటికీకేసి చూసింది. లోపల నల్లబల్ల కనిపిస్తోంది. "ఆయన క్లాసు ఇదే గదా. ఆయనకని పోసి పోసి, ఆయన క్లాసునే కూల్చబోతిని." సెల్వి వైపు తిరిగి, "తీసెయ్యండమ్మా" అంది.

మర్నాడు మడిని గేటు పక్కకు మార్చారు, గోడకు వాసాలు దన్నుపెట్టారు. వానలకు ముందే అది ఆరుతుందో లేదో ఎవరూ చెప్పలేకపోతున్నారు. నెల్లూరు వచ్చినా నా భయం తగ్గలేదు, అల్పపీడనం అని వార్తల్లో వింటే చాలు పిన్నికి ఫోన్ చేస్తున్నాను. కానుక ఇవ్వగానే మన పని అయిపోయిందనుకుంటాం. ఇచ్చింది అక్కడ ఏం చేస్తోందో వెళ్లి చూడాలని ఎవరికీ తోచదు, ఎంత ప్రేమగా ఇస్తే అంత తోచదు.

మీరు వెళ్లేటట్టయితే సాయంత్రం నాలుగు దాటాక వెళ్లండి, ఎండ ఉండదు. గేటు దగ్గర బెంచీ మీద పిన్ని ఉంటుంది. చెంబు తనే అందిస్తుంది, సన్నజాజికి పోయండి. సగం పోయగానే మీ చెయ్యి పట్టుకుని ఆపుతుంది. ఏమీ అనుకోకండి.