పేజీల మాస్టారి జోస్యం

ఆ సెలూన్‌లో కుర్చీలు మూడు, అద్దాలు మూడు, టీవీ ఒకటి. మార్కెట్ తెరిచినప్పటి నుంచి మూసేదాకా ఆ టీవీలో షేర్ల ఛానల్ తప్ప మరొకటి రాదు. షేర్లు పడిన రోజున అక్కడ గడ్డం గీయించుకునే ధైర్యం వీధిలో ఎవరికీ లేదు. ఒకసారి ఏదో సాఫ్ట్‌వేర్ కంపెనీ షేరు ఒక్క పూటలో తొమ్మిది శాతం కూలితే, సెలూన్ యజమాని చేతిలో కత్తితో టీవీ ముందు కొయ్యబారిపోయాడు. కుర్చీలో ఉన్న పెద్దమనిషి ఒక చెంప నున్నగా, ఇంకో చెంప నురగతో గంటసేపు ఓపికపట్టి, ఆఖరికి తువ్వాలుతో తుడుచుకుని అలాగే ఆఫీసుకు వెళ్లిపోయాడు.

ఛానల్‌లో ఎప్పుడూ ముగ్గురు నిపుణులు ఉంటారు. టెక్నాలజీ కంపెనీల మాట వస్తే చాలు, ముగ్గురికీ పూనకం వస్తుంది. మొదటాయన కొనమంటాడు, రెండో ఆయన అమ్మమంటాడు, మూడో ఆవిడ ఉన్నవి ఉంచుకోమంటుంది. తర్వాత ఏది జరిగినా ముగ్గురిలో ఒకరు ముందే చెప్పి ఉంటారు కాబట్టి ఆ ఛానల్ జోస్యం తప్పిందని ఇంతవరకు ఎవరూ నిరూపించలేకపోయారు. అయితే ఆ ముగ్గురికీ కలిపి ఉన్న పరపతి కంటే, సెలూన్‌లో గోడవారన బెంచీ మీద కూర్చునే ప్రింటర్ల మెకానిక్‌కు ఉన్న పరపతి ఎక్కువ. ఆయన్ని అందరూ పేజీల మాస్టారు అంటారు.

మాస్టారు ఆఫీసులకు ప్రింటర్లు అద్దెకిచ్చే సంస్థలో ఇరవై రెండేళ్లుగా పనిచేస్తున్నాడు. అద్దె పేజీల లెక్కన ఉంటుంది. ప్రతి ప్రింటరు లోపలా ఒక కౌంటరు ఉంటుంది. అది పుట్టినప్పటి నుంచి ఎన్ని పేజీలు అచ్చువేసిందో ఒక్కటి కూడా మరిచిపోకుండా చెబుతుంది. నెలనెలా వెళ్లి ఆ అంకె రాసుకురావడం, చెడిపోయినవాటిని బాగుచేయడం ఆయన ఉద్యోగం. పని నేర్పిన గురువు మొదటిరోజే ఒక మాట తీసుకున్నాడట: అంకె మనది, రాత వాళ్లది, ఇరుక్కున్న కాగితం లాగేటప్పుడు కళ్లు రోలరు మీద ఉండాలి తప్ప అక్షరాల మీద పడకూడదు. ఆ మాటను మాస్టారు వ్రతంలా పట్టుకున్నాడు. ఎవరి జీతాల చిట్టాలో, ఎవరి కోర్టు కాగితాలో వేలకు వేలు ఆయన చేతుల మీదుగా పోయాయి. అన్నిటినీ రాత లోపలికి పోయేలా మడిచి, తల పక్కకు తిప్పి ఇచ్చేశాడు. ఇంత నియమం ఉన్న మనిషికి ఇంకాస్త బుద్ధి కూడా ఉండి ఉంటే ఈ కథ చెప్పే పని నాకు ఉండేది కాదు.

ఎందుకంటే ఆ అంకెలతో ఆయన ఊరుకోలేదు. కంపెనీ ఎదుగుతుంటే కాగితం ఖర్చవుతుంది, కుంగుతుంటే మిగులుతుంది, ఇదీ సిద్ధాంతం. మూడేళ్ల కిందట ఒక కంపెనీలో నెలకు నాలుగు వేలు ఉండే పేజీలు పదకొండు వేలయ్యాయని బెంచీ మీద కూర్చుని యథాలాపంగా అన్నాడు. సెలూన్ యజమాని వెళ్లి ఆ కంపెనీ షేర్లు కొన్నాడు. అవి పెరిగాయి. ఆ లాభంతో వెనక్కి వాలే కుర్చీ ఒకటి కొని, మొదటి గడ్డం మాస్టారిదే గీశాడు. కుర్చీ ఎంత వెనక్కి వాలిందో, మాస్టారి తల అంత పైకి లేచింది.

తర్వాత రెండుసార్లు జోస్యం తప్పింది. ఒకసారి ప్రింటర్లో వేసే టోనరు పొడి నాసిరకమన్నాడు, రెండోసారి మార్కెట్‌కే అవగాహన చాలలేదన్నాడు. బెంచీ మీద ఆయన పక్కన కూర్చునే రిటైరైన కెమిస్ట్రీ లెక్చరర్‌కు ఈ రెండో కారణం మరీ నచ్చింది. తన విద్యార్థుల విషయంలో ఆయన ముప్పై ఏళ్లు చెప్పుకున్నదీ అదే.

మాస్టారి జోస్యానికి తల వంచని మనిషి ఇంట్లోనే ఉంది. భార్య ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది. ఒకరోజు భోజనాల దగ్గర ఆయన పేజీల పురాణం విప్పితే ఆవిడ చారు గిన్నె దించి, ఒకే ఒక్కసారి జవాబు చెప్పింది.

"నేను రోజుకు నలభై ఎక్స్‌రేలు తీస్తానండీ. ఎన్ని తీశానో అడగండి, చెబుతాను. ఎవరి ఎముక విరిగిందో మాత్రం నన్ను అడక్కండి."

మాస్టారు నవ్వేసి, ఆసుపత్రికీ మార్కెట్‌కీ చాలా తేడా ఉందన్నాడు. ఏమిటా తేడా అని ఆవిడ అడగలేదు, అందువల్ల ఆయన చెప్పాల్సిన ఇబ్బందీ రాలేదు.

ఇక మేనకోడలి సంగతి. మాస్టారి అక్క భర్త పోయి ఏడేళ్లయింది. ఆ ఇల్లు నడిచేదీ, చిన్నవాడు చదువుకునేదీ మేనకోడలి జీతం మీదే. ఊళ్లో నీలం అద్దాల పెద్ద కంపెనీలో మూడో అంతస్తులో ఆ పిల్ల ఉద్యోగం. వేరేవాళ్లు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టుకోవడం ఆమె పని. ఆ కంపెనీ ప్రింటర్లూ మాస్టారి చేతికిందివే. నెలాఖరున అక్కడికి వెళ్లినప్పుడు మూడో అంతస్తులో అవసరం ఉన్నా లేకపోయినా ఒకసారి ఆగి, అదిగో మా అక్క కూతురు అని వాచ్‌మన్‌కు చూపించేవాడు. వాచ్‌మన్‌కు ఇప్పటికి ముప్పైసార్లు చూపించాడు.

ఒక సోమవారం అదే కంపెనీ నుంచి పిలుపు వచ్చింది. ఐదో అంతస్తులో హెచ్‌ఆర్ వాళ్ల ప్రింటరు వేడెక్కి ఆగిపోయింది. మాస్టారు మూత తెరిచి కౌంటరు చూశాడు, కళ్లు తిరిగాయి. నెలకు తొమ్మిది వందల పేజీలు దాటని మిషను, పది రోజుల్లో ఆరువేల మూడు వందలు కొట్టింది. హెచ్‌ఆర్ ఆవిడ ఆయన భుజం పక్కనే నిలబడింది. ట్రేలో ఉన్న కాగితాలను గబగబా బోర్లించింది. టెస్ట్ పేజీ కూడా వేయనివ్వలేదు. ఇంకొకరికైతే ఇదంతా చూసి అనుమానం వచ్చేది. మాస్టారికి గౌరవం కలిగింది. రహస్యం విలువ తెలిసిన మనుషులు అనుకున్నాడు. బల్ల మీద కాగితాలను రెండేసి చొప్పున కలిపి పిన్ను కొట్టి ఉండటం మాత్రం ఆయన కంటపడింది. పిన్ను అక్షరం కాదు కదా, చూస్తే తప్పులేదు.

ఇరుక్కున్న కాగితాన్ని ఎప్పటిలాగే రాత లోపలికి మడిచి ఆవిడ చేతికిచ్చాడు. పోతూపోతూ మిషను లోపల అచ్చువేసే డ్రమ్ము మీద గీత పడిందని, ప్రతి పేజీకీ ఎడమ అంచున బూడిదరంగు సన్నగీత వస్తుందని, రేపు కొత్త డ్రమ్ము తెచ్చి వేస్తానని చెప్పాడు. ఆవిడ అక్కర్లేదంది.

"వీటికి అందం ఎందుకండీ? ఆగకుండా పడితే చాలు."

మెట్లు దిగేలోపు మాస్టారి లెక్క పూర్తయింది. పది రోజులకు మామూలుగా పడే మూడు వందలు తీసేస్తే ఆరు వేల పేజీలు. మనిషికి రెండు చొప్పున మూడు వేల ఉత్తరాలు. హెచ్‌ఆర్ వాళ్లు మూడు వేల మందికి రహస్యంగా రాసే ఉత్తరాలు ఇంకేముంటాయి? కంపెనీ మూడు వేల మందిని కొత్తగా తీసుకుంటోంది!

మంగళవారం ఈ వార్త సెలూన్‌లో పడింది. లెక్చరర్ తన పింఛనులో సగం పెట్టాడు. సెలూన్ యజమాని వెనక్కి వాలే రెండో కుర్చీ కోసం దాచినదంతా పెట్టాడు. ఆ రోజు టీవీలో మొదటాయన అదే కంపెనీ షేరు అమ్మేయమన్నాడు. సెలూన్ యజమాని ఆయన్ని చూసి జాలిపడి, శబ్దం తగ్గించాడు.

బుధవారం సాయంత్రం మేనకోడలు ఇంటికొచ్చింది. ఎప్పుడూ వచ్చీరాగానే వంటింట్లోకి వెళ్లే పిల్ల, ఆ రోజు చెప్పులు విప్పి గుమ్మం దగ్గరే కుర్చీలో కూర్చుంది. పన్నెండు మందే ఉన్న ఒక చిన్న కంపెనీ తనను రమ్మంటోందట. జీతం కాస్త తక్కువ. శుక్రవారంలోగా ఏ సంగతో చెప్పాలి. ఇక్కడ క్యాంటీన్‌లో ఏవేవో గుసగుసలు వినిపిస్తున్నాయి, మేనేజర్ మొహం చాటేస్తున్నాడు. వెళ్లిపోతే మంచిదేమో అనిపిస్తోంది, కానీ తగ్గే జీతంతో అమ్మ మందులు, తమ్ముడి ఫీజు ఎలాగని భయం వేస్తోంది. నువ్వు ప్రతినెలా అన్ని కంపెనీలూ చూస్తావు కదా మామయ్యా, ఉండమంటావా, వెళ్లమంటావా అని అడిగింది.

ఇలాంటి ప్రశ్న కోసం మాస్టారు మూడేళ్లుగా కాచుకుని ఉన్నాడు. గొంతు సవరించుకున్నాడు. ఆ పిల్ల మొహంలోని భయం ఆయనకు కనిపించలేదని కాదు. కనిపించింది, కానీ దాన్ని ఒక్క అంకెతో తుడిచేయగలనన్న సంతోషం అంతకన్నా పెద్దదైపోయింది. ఆరువేల మూడు వందల కథంతా చెప్పాడు.

"మునిగిపోయే కంపెనీ అంత కాగితం ఎందుకు ఖర్చు పెడుతుందే? నిశ్చింతగా ఉండు. నీ దగ్గర నాలుగు డబ్బులుంటే ఆ షేర్లే కొను."

భార్య వంటింటి గుమ్మంలోకి వచ్చి, ఆ కాగితాల్లో ఏముందో చూశారా అని అడిగింది. చూడలేదన్నాడు, అదేదో మెడల్ చూపిస్తున్నంత గర్వంగా. చూడకుండా ఎలా చెబుతున్నారంది. ఇరవై రెండేళ్ల అనుభవం అన్నాడు. ఆవిడ మేనకోడలి వైపు తిరిగి, నీ మనసుకు ఏది అనిపిస్తే అది చెయ్యి తల్లీ అంది. కానీ భయపడ్డ మనిషికి మనసు మాట కంటే మామయ్య అంకె గట్టిగా వినిపిస్తుంది. గురువారం ఆ పిల్ల దాచుకున్న నలభై వేలతో తన కంపెనీ షేర్లే కొనుక్కుంది. శుక్రవారం చిన్న కంపెనీకి రాలేనని చెప్పేసింది.

సోమవారం పొద్దున మాస్టారు వెనక్కి వాలే కుర్చీలో ఉన్నాడు. ఒక చెంప అయింది. టీవీలో ఒక్కసారిగా పచ్చ అంకెలు ఎగబాకాయి. నీలం అద్దాల కంపెనీ షేరు పదకొండు శాతం పైకి లేచింది. లెక్చరర్ బెంచీ మీద నుంచి లేచి మాస్టారి చెయ్యి పట్టుకుని ఊపేశాడు. సెలూన్ యజమాని ఇక ఈ జన్మలో మీ గడ్డానికి డబ్బు తీసుకోనని అందరి ముందూ మాటిచ్చాడు. ఛానల్ పుట్టిన తర్వాత మొదటిసారి ముగ్గురు నిపుణులూ ఒక్క మాట మీదున్నారు. మొదటాయన దీన్ని క్రమశిక్షణ అన్నాడు. రెండో ఆయన కంపెనీకి కొవ్వు కరిగిందన్నాడు. మూడో ఆవిడ సంస్థ ఎంతో తేలికపడిందని ఆనందించింది. దేనివల్ల ఇంత తేలికపడిందో తెర అడుగున నడిచే అక్షరాల్లో ఉంటే లెక్చరర్ చదివి వినిపించాడు. మూడు వేల మందిని ఉద్యోగాల్లోంచి తీసేశారు. ఉత్తరాలు పొద్దున్నే చేతికిచ్చారు.

"మీరు తీసుకోవడమన్నారు, వాళ్లు తీసేయడమన్నారు. ఏదైతేనేం, మూడు వేలు మాత్రం మూడు వేలే కదండీ మాస్టారూ. ఒక్క మనిషి తేడా రాలేదు" అన్నాడు సెలూన్ యజమాని, నిజమైన భక్తితో.

మాస్టారు రెండో చెంప నురగతోనే లేచి బయటికి వచ్చేశాడు. మేనకోడలికి ఫోన్ చేశాడు, ఎత్తలేదు. మళ్లీ చేశాడు. ఆ పిల్ల పని అందరికీ కావలసిందే, ఆమెను తీయరు, తీస్తే వేరేవాళ్లను తీస్తారు అని తనకు తాను చెప్పుకుంటూ నడిచాడు. వేరేవాళ్లంటే రెండు వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిది మందన్న సంగతి అప్పటికి ఆయనకు తట్టలేదు.

సాయంత్రం ఆ పిల్లే వచ్చింది. చేతిలో అట్టపెట్టె, అందులో మంచినీళ్ల సీసా, ఒక స్వెటర్, ఐదేళ్లు చేసినందుకు ఇచ్చిన గాజు బిళ్ల ఉన్నాయి. ఏడ్చి ఏడ్చి ఇక ఏడుపు అయిపోయిన మొహం. అత్తయ్య ఏమీ అడగకుండా పెట్టె అందుకుని, పిల్లను పక్కన కూర్చోబెట్టుకుంది. మేనకోడలు కవరులోంచి రెండు కాగితాలు తీసి బల్ల మీద పెట్టింది. రెంటికీ కలిపి ఒక పిన్ను ఉంది.

మాస్టారు అక్షరాలు చదవలేదు. చదవాల్సిన పని లేకపోయింది. ఎడమ అంచున, పై నుంచి కింది దాకా, బూడిదరంగు సన్నగీత ఉంది. ఆయన బాగుచేసిన మిషను, ఆయన వదిలేసిన గీత. పది రోజులకు వేడెక్కి ఆగిపోయినదాన్ని ఆగకుండా పడేలా చేసి వచ్చింది తనే. తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

"చిన్న కంపెనీ వాళ్లకు ఫోన్ చేశాను మామయ్యా. ఆ ఉద్యోగం శనివారమే ఇంకొకరికి ఇచ్చేశారట" అంది మేనకోడలు. ఆ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేదని మాస్టారికి అనిపించింది. "నువ్వు కొనమన్న షేర్లు మాత్రం పెరిగాయి. నా ఉద్యోగం తీసేసినందుకు నాకే నాలుగు వేల నాలుగు వందలు లాభం వచ్చింది."

తప్పయిందని చెప్పాలనుకున్నాడు. భార్య ఆయన వైపు చూసింది.

అప్పుడు ఫోన్ మోగింది. సెలూన్ యజమాని. మార్కెట్ మూసేశారు, కానీ రేపు తెరవగానే ఏం చేయాలో ఇప్పుడే తెలియాలట. లెక్చరర్ గారు కూడా పక్కనే ఉన్నారట. లాభం చేతికి తీసుకుని అమ్మేయమంటారా, ఇంకా ఉంచమంటారా? అతని గొంతు గదంతా వినిపిస్తోంది. మాస్టారు ఫోన్ చెవి దగ్గర పట్టుకుని అలాగే నిలబడ్డాడు, చెంప మీద పొద్దుటి నురగ ఎండి చారలు కట్టి ఉంది.

మేనకోడలు బల్ల మీది కాగితాలను రాత లోపలికి పోయేలా జాగ్రత్తగా మడిచింది.

"ఉంచుకోమని చెప్పు మామయ్యా" అంది. "వచ్చే నెలలో రెండో విడత ఉందట."