నలభై రెండు డిగ్రీలకే జారిన గోళీ

కుందారపల్లి దాటాక హైవేకి కాస్త లోపలికి ఉన్న తారు మిక్సింగు ప్లాంటులో నేను ల్యాబు చూసేదాన్ని. ల్యాబంటే ఒక రేకుల గది, రెండు బల్లలు, ఒక స్టవ్వు, నేను. ఉద్యోగంలో చేరి అప్పటికి నాలుగు నెలలు.

మా అమ్మకు నా పని ఎప్పుడూ వింతే. "తారుకి పరీక్ష ఏందమ్మా? నల్లగా ఉంటే సాలదా?" అనేది. చాలదు. మిద్దె కారకుండా పూసే తారు వేరు, రోడ్డుకు వేసేది వేరు. రోడ్డు తారులో మళ్ళీ చిక్కదనాన్ని బట్టి గ్రేడులున్నాయి. వీజీ పది పలచన, స్ప్రే చేయడానికి, నీళ్ళతో కలిపి చేసే ఎమల్షన్ తయారీకి వాడతారు. వీజీ ముప్పై మామూలు రోడ్లకు. బరువు బళ్ళు ఆగి ఆగి కదిలే చోట వీజీ నలభై. అంకె పెరిగేకొద్దీ తారు గట్టిపడుతుంది. కంటికి మాత్రం అన్నీ ఒకటే నలుపు.

ఆ ఏడు వేప్పనపల్లి వైపు రోడ్డు పని మాది. మామిడికాయల లోడుతో లారీలు దిగే దారి. వీజీ ముప్పై వేయాలి. పొద్దున ఎనిమిదికి ట్యాంకరు వచ్చింది. కాగితాల మీద వీజీ ముప్పై అనే ఉంది. వాల్వు దగ్గర డబ్బాలో కాస్త తారు పట్టుకుని గదిలోకి వచ్చాను. రెండు ఇత్తడి ఉంగరాల్లో తారు పోసి, చల్లారాక వాటిపై చెరొక ఉక్కు గోళీ పెట్టి, ఐసు వేసిన నీళ్ళలో దించి, నెమ్మదిగా వేడి చేశాను. తారు మెత్తబడి గోళీ కిందికి జారినప్పుడు నీళ్ళ వేడి ఎంతో అదే లెక్క. వీజీ ముప్పై అయితే నలభై ఏడు డిగ్రీలకు ముందు జారకూడదు.

నలభై రెండుకే జారింది. రెండో గోళీ కూడా.

కొత్త తారు పోసి మొదటినుంచి చేశాను. అదే నలభై రెండు. మేనేజరు దగ్గరికి పోయి చెప్పాను.

"అమ్మా, రోడ్డు కాడ ముప్పై మంది కాసుకోని ఉండారు. కాగితం సరిగ్గానే ఉంది కదా, సంతకం పెట్టు," అన్నాడాయన.

"కాగితం సరిగ్గానే ఉందప్పా. తారే సరిలేదు. ఇది పోస్తే మామిడికాయల లారీలకి రోడ్డు కుంగిపోతుంది. నేను పెట్టను."

అంత గట్టిగా అన్నానని నాకే ఆశ్చర్యం. ఆయన తారు పంపిన డిపోకి ఫోను కొట్టాడు. మధ్యాహ్నానికి హోసూరు నుంచి వాళ్ళ క్వాలిటీ చూసే ఆయన కారులో దిగాడు. నా కంటే ఇరవై ఏళ్ళు పెద్ద. గది చుట్టూ చూసి నవ్వాడు.

"మీ థర్మామీటరు సరిలేదమ్మా."

"మీదే పెట్టండప్పా. నేను ముట్టుకోను. అంతా మీ చేత్తోనే చేయండి."

ఆయన తన థర్మామీటరు తీసి అమర్చాడు. మేనేజరు, ట్యాంకరు డ్రైవరు, ప్లాంటు వాళ్ళు తలుపు దగ్గర గుమిగూడారు. ముప్పై ఐదు. నలభై. నలభై రెండు దగ్గర గోళీ, దాని వెనకే రెండోది, తారును సాగదీసుకుంటూ కింద పలక మీద కూర్చున్నాయి.

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. బయటికి పోయి చాలాసేపు ఫోనులో మాట్లాడి తిరిగొచ్చాడు. డిపోలో రెండు ట్యాంకర్ల కాగితాలు తారుమారయ్యాయి. వాళ్ళకు పోవలసిన వీజీ పది మాకొచ్చింది; మాకు రావలసిన వీజీ ముప్పై, హోసూరులోని ఎమల్షన్ ఫ్యాక్టరీ గేటు లోపల నిలబడి ఉంది. ఇంకో గంటయితే వాళ్ళు దించేసేవాళ్ళు.

"రెండు సోట్ల కాపాడినావమ్మా," అన్నాడు. ఈసారి నవ్వులో ఎగతాళి లేదు.

"ఈపొద్దు నుంచి ఈయమ్మ సూసినాకే వాల్వు తిప్పేది. తెలిసిందా అప్పా?" అని మేనేజరు ప్లాంటు వాళ్ళందరికీ వినపడేట్టు అరిచాడు. ఎవరో చప్పట్లు కొట్టారు, తర్వాత అందరూ. నాకు ఎక్కడ చూడాలో తెలియక స్టవ్వు ఆర్పేశాను.

సాయంత్రానికి అసలు ట్యాంకరు వచ్చింది. దాన్నీ పరీక్షించాను. నలభై తొమ్మిది. మరుసటి రోజే రోడ్డు పరిచారు.

మామిడి సీజను నడిమధ్యలో, చెయ్యి ఆనించలేనంత కాలుతున్న మధ్యాహ్నం, ఆ రోడ్డు చూడటానికి బండి వేసుకుని పోయాను. లోడు లారీలు మలుపులో బ్రేకులు వేస్తూ ఒకదాని వెనక ఒకటి దిగుతున్నాయి. అవి పోయాక చక్రాల జాడ మీద పొడుగాటి ఇనుప పట్టీ అడ్డంగా పెట్టి, వంగి కింద సందు కోసం చూశాను; రోడ్డు కుంగి ఉంటే పట్టీ కింద సందు కనబడుతుంది. కాగితం కూడా దూరదు. నడిరోడ్డులో ఒక్కదాన్నే నిలబడి గట్టిగా నవ్వాను. తోటలో కాయలు కోస్తున్న ఆడవాళ్ళు తలలెత్తి, "ఏందమ్మా, యాడన్నా ఏమన్నా దొరికిందా?" అని అరిచారు.

"ఏమీ దొరకలేదమ్మా! ఒక్క గుంత కూడా లేదు!" అని నేనూ అరిచాను.