పెంకుల మేస్త్రి వేసిన సోలార్ కప్పు

మా పెంకుల మేస్త్రి పోయిన మంగళవారం కన్నుమూశారు. గోపన్‌పల్లి బడి పెద్ద టీచరమ్మ మా ఆఫీసుకు ఫోన్ చేసి, "మన మేస్త్రి లేడమ్మా. పొద్దున చాయ్ తాగి గోడకు ఒరిగిండట, గంతే" అని చెప్పారు. ఫోన్ పెట్టేశాక చాలాసేపు నా ముందున్న డ్రాయింగులో గీతలు కంటికి ఆనలేదు. ఆయన గురించి ఏ పేపర్లోనూ వార్త రాదు. ఆయన దగ్గర పని నేర్చుకున్నదాన్ని కాబట్టి నేనే రాస్తున్నాను.

రెండేళ్ల కిందట గోదావరి వైపు నుంచి ఉద్యోగానికొచ్చి మియాపూర్‌లో కిరాయి గదిలో దిగాను. సోలార్ పలకలు అమర్చే ఒక చిన్న సంస్థలో ఇంజనీరును. మాదాపూర్ రాళ్లగుట్టల మధ్య హైటెక్ సిటీ భవనం అప్పుడే లేస్తోంది. అక్కడికొచ్చే కంపెనీలకు చూపించడానికి మా మేనేజరుకు ఒక నమూనా కావాలి. పెంకుల మీద పలకలు పెట్టడం కాదు, పెంకులు తీసేసి పలకలనే ఇంటికప్పుగా వెయ్యాలి. గోపన్‌పల్లి బడి ఒప్పుకుంది. ఆ ఊళ్లో కరెంటు ఎప్పుడుంటుందో ఎప్పుడు పోతుందో తెలియదు. ఒక గదికైనా ఫ్యాన్లు, లైట్లు వస్తాయని టీచరమ్మ ఆశ.

పెంకులు దించడానికి పిలిచిన మేస్త్రికి అరవై దాటి ఉంటాయి. ఆ కప్పు వేసింది కూడా తనేనని ఆయన మొదటిరోజు చెప్పలేదు. ఒక్కో పెంకునూ దించి, వేలి కణుపుతో తట్టి, చెవి దగ్గర పెట్టుకుని, మంచివాటిని గోడవారగా పేర్చారు. తర్వాత మా పలకను కూడా అలాగే తట్టబోతే పరుగెత్తి వెళ్లి అడ్డుపడ్డాను.

"అయ్యో, కొట్టకండి మేస్త్రిగారూ!"

"కొడ్తలేను బిడ్డా, అడుగుతున్న. నువ్వు ఎట్లుంటవ్ ఎండకు అని."

నేను నవ్వేశాను. ఆయన నవ్వలేదు. మధ్యాహ్నం దాకా ఎండలో పెట్టి, చేతి వెనకవైపుతో ముట్టి చూసి, "గింత కాగుతది. సందుల్లో నీ రబ్బరు ఆగదు. పెంకు లెక్క ఒకదాని మీదొకటి ఎక్కియ్యాలె" అన్నారు. పైపలక నీడ కిందపలక మీద పడితే కరెంటు తగ్గుతుందని, డ్రాయింగులో ఉన్నట్టే పక్కపక్కన పరిచి సందుల్లో రబ్బరు బిగించమని చెప్పాను. ఆయన అలాగే బిగించారు.

మృగశిర వాన మొదటి దెబ్బకే గది కారింది. హాజరు పుస్తకం తడిసి ముద్దయింది. బ్యాటరీల పెట్టె మీద నీళ్లు పడ్డాయి. టీచరమ్మ గదికి తాళం వేసి, "మా పెంకులు మాకు పెట్టియ్యండి" అన్నారు. మేనేజరు జీపులో వచ్చి పైకి చూసి, "మేస్త్రి సరిగ్గా బిగించలేదు, అంతేనండి" అన్నారు. మేస్త్రి నిచ్చెన మీదే ఉన్నారు. నా వైపు చూశారు. ఉద్యోగంలో చేరి నాలుగు నెలలు. నేను నోరు తెరవలేదు. ఆయన దిగి, పనిముట్ల సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయారు.

మర్నాడు పొద్దున్నే వాళ్లింటికి వెళ్లాను. వాకిట్లో నిలబడి క్షమాపణ చెప్పబోతుంటే ఆయన చెయ్యి అడ్డం పెట్టారు.

"తప్పెవరిదో తర్వాత చూస్కుందాం. ముందుగాల నీళ్లు యాడికెళ్లి వస్తున్నయో చూద్దాం, నడువు."

టీచరమ్మను బతిమాలి తాళం తీయించాం. ఆయన కప్పు మీద కూర్చుని చెంబుతో కొద్దికొద్దిగా నీళ్లు పోస్తుంటే, నేను గదిలో చుక్క పడినచోటల్లా సుద్దముక్కతో గుర్తు పెట్టాను. గుర్తులన్నీ రబ్బరు సందుల కిందే వరసగా వచ్చాయి. తప్పు నా డ్రాయింగుదే. ఆయన పైనుంచి వంగి, "నువ్వు నీళ్లను ఆపుదామని చూసినవ్ బిడ్డా. ఆగవయి. పొయ్యే తొవ్వ చూపియ్యాలె" అన్నారు.

ఆ మధ్యాహ్నం టీచరమ్మ ఎదుటే మేనేజరుకు చెప్పాను. "మేస్త్రిగారి తప్పేం లేదండి. ఆయన ముందే చెప్పారు, నేనే వినలేదు." మేనేజరు ముఖం ఎర్రబడింది. నన్ను ఆ పని నుంచి తప్పించి ఆఫీసులో కూర్చోబెట్టారు. మేస్త్రికి పదిహేను రోజులు గడువిచ్చి, అప్పటికీ కారితే పెంకులే వేయిస్తామని టీచరమ్మకు మాటిచ్చారు.

ఆ రెండు ఆదివారాలూ నేను సొంతంగా బస్సెక్కి వెళ్లి మేస్త్రి కింద కూలీగా పనిచేశాను. పైపలక అంచు కిందపలక మీదికి ఎంత రావాలన్నదాని మీద ఇద్దరం వాదులాడుకున్నాం. ఆయన జానెడు అన్నారు, నేను అస్సలొద్దన్నాను. చివరికి గాజుకు నీడ తగలకుండా చట్రం అంచు వరకే, రెండు వేళ్ల వెడల్పు దగ్గర రాజీపడ్డాం. నిలువు సందుల కింద రేకును దోనెలా వంచి చూరుదాకా దించారు. పలకల కింద గాలాడటానికి జాగా వదిలారు. దాంతో గదిలో వేడి కూడా తగ్గింది.

ఒకరోజు అన్నాలు తింటూ అడిగాను. "ఇవన్నీ వస్తే మీ పెంకుల పని పోదా అండీ?"

"ఇల్లున్నన్ని దినాలు కప్పు గావాలె. కప్పేటోని పని యాడికి పోతది?" అని, "గానీ పెంకు దించుతుంటే జర పరేషాన్ అయిన. నా పెండ్లయినంక నేను కట్టిన మొదటి కప్పు ఇదే" అన్నారు. దించిన పెంకులను ఆయన బడి నీళ్లకుండల మీద పందిరిగా కప్పారు, ఎవరూ అడగకుండానే.

గడువు ఇంకా రెండురోజులుందనగా వాన దంచికొట్టింది. ఆఫీసులో నిలవలేక సెలవు చీటీ రాసిచ్చి వెళ్లాను. గదిలో చుక్క లేదు. ఫ్యాను తిరుగుతోంది. "ఇగ పెంకులు అడగనమ్మా" అంటూ టీచరమ్మ తాళంచెవి నా చేతిలో పెట్టి నవ్వారు.

మేస్త్రి లోపలికి రాలేదు. బయట మెట్టు మీద కూర్చున్నారు. కప్పు మీది నీళ్లు చూరు పొడవునా సమంగా జారుతుంటే, అప్పుడే అన్నాలు తిన్న ఆడపిల్లలు వరసగా నిలబడి ఆ ధార కింద టిఫిన్ గిన్నెలు కడుక్కుంటున్నారు. ఒకరి మీదొకరు నీళ్లు చల్లుకుంటూ కేకలు వేస్తున్నారు. ఆయన పంచె మోకాళ్లదాకా తడిసిపోయింది. "జరుగు తాతా, తడుస్తున్నవ్" అందొక పిల్ల. ఆయన జరగలేదు. కాళ్లు ఇంకాస్త ముందుకు చాపుకున్నారు.