చెక్కనేల మీద అలుకు

కొత్తింట్లో నేల వాసన ఇంకా పోలేదు. అనంతపురం ఎండలకు చెక్కనేల ఏమిటని అందరూ అన్నా, మా అబ్బాయి పట్టుబట్టి నల్లటి చెక్క పరిపించాడు. నేల నల్లగా ఉంటే గోడలు తెల్లగా ఉండాలట, తెరలు పలచగా ఉండాలట. పొద్దున తలుపు తీయగానే అవిసె నూనె, మైనం కలిసిన వాసన వస్తుంది. దాంతో పాటే పోయిన వారం దాకా నేను ఎవరికీ చెప్పని ఒక మాట గుర్తొస్తుంది. గుంతకల్లు బంగళాలో మా నారాయణమ్మత్త చెక్కనేలను పేడతో అలికిందని మా చుట్టాలు ఇన్నేళ్లూ చెప్పుకుని నవ్వారు. ఆమె చేత అలికించింది నేను.

మా నాయన రైల్వేలో గుమాస్తా. నా చిన్నతనంలో, పడగొట్టబోయే ఒక పాత బంగళాలో మాకు కొన్నాళ్లు ఉండటానికి చోటిచ్చారు. వసారా నుంచి వంటింటి దాకా అంతా చెక్కే, వాన తడిపిన రేగడిలా నల్లగా మెరిసేది. నాయనకు ఆ నేలంటే ప్రాణం. దానికి తగినట్టు ఉండాలని అమ్మ చేత తెల్ల తెరలు కుట్టించాడు, పేము కుర్చీలు తెచ్చాడు, ఆ కరువులో పూలు దొరక్క ఇత్తడి చెంబులో జొన్నకంకులు నిలబెట్టాడు. ఆదివారం మైనం రుద్ది, నా కాళ్లకు గోనెగుడ్డలు కట్టి ఈ మూల నుంచి ఆ మూలకు జారమనేవాడు. గోలీ వదిలితే చెక్క కింది బోలులో ఉరుము దొర్లినట్టు మోగేది.

అత్త నాయనకు అక్క. చిన్న వయసులోనే భర్త పోతే పుట్టింటికొచ్చి, తల్లి లేని తమ్ముళ్లిద్దర్నీ పెంచింది. తర్వాత నన్నూ పెంచింది. మట్టినేలను ఆమె అలికితే అరచేతి వంపులు వరసగా, అల్లినట్టు కనిపించేవి. బంగళాలో మాత్రం ఆమె చేతులకు పని లేదు. ఆ నేల మీద గోడవారగా, పరాయి ఇంట్లో నడిచినట్టు నడిచేది.

ఉగాది నాడు వేపపూత కోసం పోతే పక్క క్వార్టర్ల పిల్లలు నన్ను నిలబెట్టి, "ఏమిరా, మీ ఇంట్లో ఎవురు సచ్చినారు? పండగ పూట అలుకూ లేదు, ముగ్గూ లేదు" అన్నారు. చావింట్లోనే ముగ్గు వేయరు. ఏడుస్తూ వచ్చి అత్తను అలకమన్నాను. ఆమెకూ మనసులో ఉన్నట్టుంది, కానీ డ్యూటీకి పోయిన తమ్ముణ్ణి అడగకుండా ముట్టనంది. స్టేషనుకు పోయి అడిగి రమ్మంది. నేను గూడ్స్ షెడ్డు వెనక కాసేపు గోలీలాడి తిరిగొచ్చి, "నాయన అలకమన్నాడత్తా" అన్నాను.

ఆమె ముఖం విప్పారింది. పశువులున్న ఇళ్ల దగ్గర్నుంచి పేడ తెచ్చింది. కొళాయి దగ్గర నిలబడి పట్టిన నీళ్లు, తాగడానికని దాచినవి, బిందెలకు బిందెలు కలిపి ఇల్లంతా అలికింది. పెనం మీద కాలుతున్న తీపి ఓళిగల వాసన, పేడ వాసన కలిసిపోయిన ఆ ఇంట్లో, తడి ఆరకముందే సున్నంతో ముగ్గు దిద్దింది. అంత అందమైన ముగ్గు నేను మళ్లీ చూడలేదు.

మధ్యాహ్నం నాయన తన పై అధికారిని భోజనానికి వెంటబెట్టుకొచ్చాడు. అప్పటికి చెక్కలు ఉబ్బి అంచులు లేచాయి, పేడ పెళ్లలు పెళ్లలుగా విడిపోతోంది. అధికారి నవ్వాడు.

"ఏమక్కా, ఇట్ల నగుబాటు చేస్తివే. చెక్కకు పేడ పూస్తారా యాడన్నా?" అన్నాడు నాయన.

అత్త నా వైపు చూడలేదు, తమ్ముడి వైపే చూసింది. అతని పై అధికారి ముందు ఒక్క మాటా ఎదురు చెప్పలేదు. నేను తలుపు వెనక ఓళిగ నములుతూ నిలబడ్డాను. మర్నాడు, విత్తనానికి చెనిక్కాయలు ఒలవాలని చెప్పి కణేకల్లులో ఉన్న చిన్న తమ్ముడు, మా చిన్నాన్న ఇంటికి పోయింది. మళ్లీ మా ఇంటికి రాలేదు. ఎన్నిసార్లు పిలిపించినా ఏదో సాకు చెప్పేది. అక్క ఎందుకిట్లా అయిపోయిందో అని నాయన చివరిదాకా అనుకున్నాడు. ఆయన పోయినప్పుడు వచ్చి, దూరంగా కూర్చుని, ఏడవకుండా వెళ్లిపోయింది. చెక్కకు పేడ పూసిన కథ మాత్రం పెళ్లిళ్లలో సాగుతూనే ఉండేది. అందరితో పాటు నేనూ నవ్వేవాణ్ణి.

ఆ బంగళా లేదు, ఆ చెక్కలు ఎవరి పొయ్యిలోకి పోయాయో తెలియదు. ఇళ్లు అలికే చేతులూ ఇప్పుడు లేవు. పోయిన వారం గృహప్రవేశానికి అత్తను కణేకల్లు నుంచి తీసుకొచ్చారు. ఎనభై దాటాయి. గడప దగ్గరే ఆగిపోయింది. "ఏమత్తా, పేడతట్ట తెచ్చినావా? ఈడ గూడా చెక్కే" అన్నాడు మా చిన్నాన్న కొడుకు. అందరూ నవ్వారు.

నేను వెళ్లి ఆమె ముందు నిలబడ్డాను. "అత్తా, ఆ ఉగాది పొద్దు నేను స్టేషనుకు పోనేలేదు. నాయనను అడగలేదు. నీకు అబద్ధం చెప్పినా."

నవ్వులు ఆగిపోయాయి.

"అంటే మా తమ్ముడు అలకమన్లేదా?"

"లేదత్తా."

"చెప్పింది వాడే, దొర ముందర మాట తప్పినాడనుకుంటి. వాడు సచ్చేదాకా మాట్లాడకపోతినే."

ఆమె గడప మీదే చతికిలపడింది. నేను ఆమె పాదాలు పట్టుకున్నాను. ఇంటి నిండా జనం ఉన్నారని నాకు తెలుసు.

"తప్పు నాదత్తా. నాయన మింద పెట్టుకున్న కోపమంతా నా మింద పెట్టుకో" అన్నాను.