ఎర్రబొట్టు పక్క మీట

నెల్లితోపు పేటలోని ఇంట్లో జయంతి ధైర్యమంతా ఒక బొట్టుబిళ్ళ మీద నిలబడి ఉండేది.

ఏడేళ్ళ కూతురు ప్రీతికకు రెండేళ్ళ కిందట చక్కెర వ్యాధి బయటపడింది. పిల్లలకు వచ్చే రకం, ఇన్సులిన్ లేనిదే రోజు గడవదు. జబ్బకు అతికించిన చిన్న సెన్సారు, రక్తంలో చక్కెర ఎంతుందో ఐదు నిమిషాలకోసారి ఫోనుకు పంపుతుంది. ఇన్సులిన్ ఎక్కువై చక్కెర బాగా పడిపోతే ప్రాణానికే ముప్పు, అప్పుడు ఫోను కేకలు పెడుతుంది. జయంతి బడిలో కెమిస్ట్రీ టీచరు. పాప మూడున్నరకు ఇల్లు చేరితే, ఆమె చేరేసరికి ఐదున్నర. ఆ రెండు గంటలూ కాపలా అత్తగారు కుప్పమ్మాళ్‌ది. ఆమెకు నోటినిండా తెలుగే, అక్షరం మాత్రం ఏ భాషదీ రాదు.

తీరా చూస్తే ఆ సెన్సారు యాప్ అన్ని ఫోన్లలో పనిచేయదు. జయంతిది పాత ఐఫోను. భర్త ఉదయకుమార్‌ది ఆండ్రాయిడ్, కొత్తదే, కానీ ఆ మోడలు సెన్సారు కంపెనీ జాబితాలో లేదు. అత్తగారిది మరీ చవకది. నటేశన్ నగర్‌లో ఫోన్లు బాగుచేసే కుమరేశన్ మూడింటినీ బల్లమీద పరిచి నవ్వాడు.

"మీ ఇంట్లో మూడు ఫోన్లు, మూడు కులాలక్కా. ఒకదాని చేతి నీళ్ళు ఇంకోటి తాగదు."

చివరికి జాబితా చూసి అత్తగారికే కొత్త ఫోను కొన్నారు. అలారం మోగితే తెర అంచున రెండు మీటలు వస్తాయి. ఒకటి మోత ఆపేది, రెండోది జయంతికి ఫోను కలిపేది. ఏది ఏదో ఎట్లా గుర్తు? ఉపాయం కుప్పమ్మాళే చెప్పింది. నిలువుటద్దం మీద అంటించి ఉంచుకునే బొట్టుబిళ్ళల్లో ఎర్రదొకటి తీసి, కలిపే మీట పక్కన ఫోను అంచుకు అతికించింది.

"ఇంక ఇది యాడికీ పోదులే. బొట్టు పక్కన ఒత్తితే నువ్వు పలుకుతావు, అంతే కదా?"

"అంతే అత్తా. నేను చెప్పిందాకా పాపకు ఏమీ పెట్టొద్దు."

అంతకుముందు ఒకసారి ఆమె భయపడి మూడు లడ్లు తినిపిస్తే చక్కెర నాలుగొందలు దాటింది. అందుకే ఆ షరతు.

నాలుగు నెలలు బొట్టు మాట తప్పలేదు. మోగినప్పుడల్లా అత్తగారు ఒత్తడం, జయంతి స్టాఫ్‌రూంలోంచి "రెండు చెంచాల గ్లూకోజు, అత్తా" అనడం.

ఒక మంగళవారం పొద్దున ఆ ఫోనులో 'అప్‌డేట్ పూర్తయింది' అన్న సందేశం కనబడింది. బడి బస్సుకు వేళవుతోంది. జయంతి దాన్ని వేలితో పక్కకు తోసేసింది. లోపల రెండు మీటలూ చోట్లు మార్చుకున్నాయి. బొట్టు ఉన్నచోటే ఉంది.

సాయంత్రం నాలుగింటికి అలారం మోగింది. కుప్పమ్మాళ్ బొట్టు పక్కన ఒత్తింది. మోత ఆగింది, జయంతి గొంతు మాత్రం వినబడలేదు. కోడలు బస్సులో ఉందేమో, బయలుదేరి వస్తోందేమో అనుకుంది. గ్లూకోజు డబ్బా ఒళ్ళో పెట్టుకుని, ఎంత పెట్టాలో చెప్పే మాట కోసం కాచుకుంది. చాపమీద పాప నిద్రపోతోందనే అనుకుంది, ఒళ్ళు ఎగిరెగిరి పడేదాకా.

పక్కింటి పద్మనాభన్ అవ్వనూ మనవరాలినీ తన ఆటోలో ఆస్పత్రికి చేర్చాడు. పాప బతికింది. కానీ చక్కెర అంతసేపు పడిపోవడంతో మెదడు దెబ్బతిని, మాటలు జారిపోయాయి. నీళ్ళు కావాలంటే గ్లాసును చూపిస్తుంది. తిరిగి వస్తాయా అంటే డాక్టరు "చూద్దాం" అన్నాడు.

"నేను ఒత్తినానే జయంతీ," అంది కుప్పమ్మాళ్. "బొట్టు పక్కనే ఒత్తినా. నేను చేసిన తప్పు ఏంది?"

తప్పు తన షరతుది, పొద్దున తోసేసిన సందేశానిది. జయంతికి తెలుసు. ఆ మాట చెప్పకుండా పాప దుప్పటి సర్దసాగింది. దాన్నే పెద్దామె తీర్పనుకుంది.

"ఈ అప్‌డేట్లు ఆపెయ్యి తంబీ," అని జయంతి కుమరేశన్‌ను అడిగింది.

ఈసారి అతను నవ్వలేదు. "ఆపితే కొన్నాళ్ళకు ఆ యాపే తెరుచుకోదక్కా. ఆపకపోతే మళ్ళీ యాడ ఏది మారుతుందో నాకూ తెలీదు."

జయంతి ఉద్యోగం మానేసింది. ఇప్పుడు ఫోను ఆమె చేతిలోనే ఉంటుంది. మొన్న అది మోగగానే కుప్పమ్మాళ్ లేచి, ఎవరి వైపూ చూడకుండా పెరట్లోకి వెళ్ళిపోయింది. అవ్వను పిలవాలని ప్రీతిక నోరు తెరిచింది. మాట దొరకలేదు. పెరటి తలుపు వైపు చేయి చాచి, తల్లి మొహంలోకి చూసింది.