భిక్షపతి నడక

వీడియో గేమ్ కంపెనీ అనగానే అద్దాల మేడ ఊహించుకునేవాళ్లకు ముందే చెబుతున్నాను, మాది నాచారం పారిశ్రామికవాడలో ఒక రేకుల షెడ్డు. ఎండాకాలం లోపల కూర్చుంటే పెనం మీద కూర్చున్నట్టే. పక్క సందులోంచి బిస్కెట్లు కాలుతున్న వాసన వస్తే సంతోషించేవాళ్లం. గాలి మళ్లితే మందుల ఫ్యాక్టరీ కంపు కొట్టేది, ముక్కు మూసుకునేవాళ్లం. విదేశాల నుంచి వచ్చిన విడిభాగాలు అతికించి, టీవీకి తగిలించుకునే ఆటపెట్టెలు తయారుచేసి బజారుకు పంపడం మా పని. 1993లో మా యజమాని త్రిమూర్తులు గారికి ఒక పిచ్చి పట్టింది. ఆయనది అమలాపురం వైపు. "ఎన్నాళ్లయ్యా జపాను వాళ్ల బొమ్మలు అమ్ముకుంటాం? మనదంటూ ఒక ఆట ఉండొద్దూ?" అన్నారు. ప్రోగ్రాము రాయడానికి నన్ను పెట్టుకున్నారు. పాటలకు కామరాజు అని, పెళ్లిళ్లలో కీబోర్డు వాయించే కుర్రాణ్ణి తెచ్చారు. బొమ్మలకు సూర్యకళ వచ్చింది.

సూర్యకళది పోచంపల్లి. ఇక్కత్ చీరల డిజైన్లను గ్రాఫ్ కాగితం మీద గడి గడిగా నింపడం పెళ్లికి ముందు నుంచీ ఆమె పని. మగ్గం మీద ఇల్లు గడవక మొగుడూ పెళ్లాలిద్దరూ రామంతాపూర్ వచ్చి ఒక గది అద్దెకు తీసుకున్నారు. పిల్లలు లేరు. టీవీ ఆటలో బొమ్మను కూడా గడులతోనే కట్టాలి కాబట్టి ఆమెకు పని కొత్తగా అనిపించలేదు, నెల నెలా జీతం రావడమే కొత్తగా అనిపించింది. నాకు ఓపిక తక్కువ, నోరు ఎక్కువ. మొదటి వారంలోనే ఆమె కట్టిన గేదెను చూసి, "ఇది గేదా, గోనెసంచా అక్కా?" అన్నాను. ఆమె తల ఎత్తకుండానే, "గేదె నీ దిక్కు మొఖం పెట్టింది తమ్మీ, గందుకే గట్ల కనబడుతుంది" అంది. షెడ్డంతా నవ్వింది. ఆ రోజు నుంచి ఆమె నాకు అక్క.

త్రిమూర్తులు గారు మాకు ఒక కట్టుబాటు పెట్టారు. ఒకరి పని మీద ఇంకొకరు చెయ్యి వెయ్యకూడదు. ఏదైనా తీసెయ్యాల్సి వస్తే ఎవరిది వాళ్లే తీసెయ్యాలి. పెద్ద పెద్ద కంపెనీల్లో కూడా ఇంత మర్యాద ఉండదని నేను అందరి దగ్గరా గొప్పలు చెప్పుకునేవాణ్ణి.

సూర్యకళ భర్త భిక్షపతి ఉప్పల్‌లో ఒక దారం మిల్లులో రెండో షిఫ్టు చేసేవాడు. డ్యూటీకి పోతూ పోతూ మధ్యాహ్నం ఆమెకు వేడిగా అన్నం తెచ్చి ఇచ్చేవాడు. మా సందు మొదట్లో మలుపు తిరగగానే అతనెవరో తెలిసిపోయేది. చిన్నప్పటి నుంచి గుంత మగ్గం తొక్కిన మనిషి. ఎడమకాలు కొంచెం బరువుగా పడేది, అది పడగానే కుడి భుజం చిన్నగా పైకి లేచేది, ఆ తర్వాత ఎవరో పిలిచినట్టు ఒక అర అడుగు తొందరగా పడేది. గేటు దగ్గర నిలబడి చూస్తున్న త్రిమూర్తులు గారు ఒకరోజు, "అదిగోనయ్యా మన హీరో!" అని అరిచారు. మా ఆట అలా పుట్టింది. గల్లీలో కుక్కల్నీ గేదెల్నీ స్కూటర్లనీ తప్పించుకుంటూ, అన్నం చల్లారకముందే భార్యకు చేర్చాలి. పేరు 'వేడి వేడి క్యారేజి'. భిక్షపతికి చెబితే సిగ్గుపడ్డాడు. "నా మీద ఆటేంది సారూ, ఎవలు కొంటరు?" అన్నాడు.

ఆట సగంలో ఉండగా, ఉప్పల్ చౌరస్తా దగ్గర వెనక్కి వస్తున్న లారీ అతన్ని గోడకు అదిమేసింది. దవాఖానాలో ప్రాణం నిలబెట్టారు గానీ నడుము కింద కదలిక గానీ స్పర్శ గానీ మిగల్లేదు. రామంతాపూర్ గదిలో మంచం మీద పడుకోబెట్టారు. సూర్యకళ పొద్దున్నే అతనికి అన్నీ చేసి, పక్కింటావిడకు అప్పజెప్పి, షెడ్డుకు వచ్చేది. నవ్వడం మానేసింది. మేమూ పరాచికాలు మానేశాం.

అప్పటిదాకా మా హీరో అన్ని ఆటల్లోని మనుషుల్లాగే రెండు బొమ్మలతో నడిచేవాడు. కాలు దించిన బొమ్మ ఒకటి, ఎత్తిన బొమ్మ ఒకటి. ఒకరోజు ఆమె నాలుగు బొమ్మల కాగితాలు తెచ్చి నా ముందు పెట్టింది. నేను వాటిని కంప్యూటర్లోకి ఎక్కించి బటన్ నొక్కాను. బరువుగా పడే ఎడమకాలు, లేచే భుజం, ఆ అర అడుగు. వేలెడంత బొమ్మలో భిక్షపతి నడుచుకుంటూ పోయాడు. నేను మళ్లీ బటన్ నొక్కాను. కామరాజు లేచి బయటికి వెళ్లిపోయాడు.

ఆ ఆటను ఇంటికి తీసుకెళ్లమని సూర్యకళకు త్రిమూర్తులు గారే చెప్పారు. నేను ఆమె కోసం ఒక చిప్పు వేరేగా తయారు చేశాను. అందులో కుక్కలు లేవు, గేదెలు లేవు, స్కూటర్లు లేవు. పొడుగాటి ఖాళీ గల్లీ, చివర ఒక తలుపు, అంతే. అతన్ని ఎవరూ ఆపకూడదని నా ఉద్దేశం. మొదటిసారి నేనే వెళ్లి, ఆ చిప్పును ఒక ఆటపెట్టెలో పెట్టి టీవీకి తగిలించాను. భిక్షపతి పడుకున్నచోటి నుంచే బటన్ నొక్కాడు.

"ఎవడే వీడు? అచ్చం నా లెక్క నడుస్తుండు!" అన్నాడు.

"నువ్వే" అంది సూర్యకళ.

అతను బొమ్మను తలుపు దాకా నడిపించి, వెనక్కి తిప్పి, మళ్లీ నడిపించాడు. ఆ తర్వాత రోజూ అదే పని. ఆమె షెడ్డు నుంచి ఇంటికి చేరేసరికి, "ఇయ్యాల ఉప్పల్ దాకా పొయ్యొచ్చిన" అనేవాడట. ఆమె, "కాళ్లు నొస్తలేవా మరి?" అనేదట. ఈ మాటలు ఆమే నాకు చెప్పింది, చెబుతూ నవ్వబోయింది, నవ్వలేకపోయింది.

వీపు పుండ్లు పడి, జ్వరం తిరగబెట్టి, ఆ చలికాలంలోనే భిక్షపతి పోయాడు. కర్మ కాగానే ఆమె చిప్పు తెచ్చి స్టోర్సులో అప్పగించింది. మా దగ్గర చిప్పులు తక్కువ, ఒక్కొక్కదాన్నే చెరిపి మళ్లీ మళ్లీ వాడేవాళ్లం. స్టోర్సు వాళ్లు దాని మీది కాగితంపై ఎర్ర ఇంకుతో 'పాతది, చెరపాలి' అని రాసి డబ్బాలో వేశారు.

అంతలో ఇంకో దెబ్బ. మేము అనుకున్న పెద్ద చిప్పు ధర పెరిగిపోయింది, చిన్నదాంట్లోనే ఆట సర్దాలన్నారు. కామరాజు తన రెండో పాట తీసేశాడు. నేను నెల రోజులు కూర్చుని రాసుకున్న వాన తీసేశాను. స్కూటర్లు పోయాయి, చెట్లు పోయాయి. అయినా పట్టలేదు. తీసెయ్యడానికి మిగిలింది ఆ నడక ఒక్కటే అని అందరికీ తెలుసు, ఎవరూ అనరు. త్రిమూర్తులు గారు ఆమె బల్ల దాకా వచ్చి, ఊరికే నిలబడి, వెనక్కి పోతున్నారు.

చివరికి ఆమే అడిగింది. "అందర్ని అడిగిన్రు, నన్నెందుకు అడుగుతలేరు సార్?"

"అడగలేనమ్మా. ఆట ఆపేద్దాం, పోనీ" అన్నారాయన.

"ఆపితే ఇంతమందికి పని పాయె. ఎవలది వాళ్లే తియ్యాలె అని మీరే అన్నరు గద" అంది. నాలుగు బొమ్మల్లో రెండు తీసేసింది. మిగిలిన రెండింటిలో భుజం సరిచేసింది. మా హీరో మళ్లీ అందరిలాగే టక్కుటక్కుమని నడిచాడు. ఆ కట్టుబాటు గురించి నేను ఇంకెప్పుడూ గొప్పలు చెప్పుకోలేదు. మర్యాద అనుకున్నది ఆ రోజు నాకు పచ్చి క్రూరత్వంగా కనిపించింది. త్రిమూర్తులు గారు స్టోర్సుకు వెళ్లి ఆ ఎర్ర ఇంకు చిప్పును డబ్బాలోంచి ఏరి తెచ్చి, "ఇది నీదమ్మా, దీని జోలికి ఎవరూ రారు" అని ఆమె చేతిలో పెట్టారు.

ఆట బజారుకు వెళ్లింది. ఒకే క్యాసెట్‌లో వందల ఆటలున్న దొంగసరుకు అప్పటికే షాపుల నిండా ఉంది. మా ఒంటరి ఆటను పిల్లలెవరూ అడగలేదు. కొద్ది నెలలకు షెడ్డుకు తాళం పడింది. కంప్యూటర్లు అమ్మేశారు, గ్రాఫ్ కాగితాలు పాత పేపర్లవాడు తూకానికి తీసుకుపోయాడు. నేను హబ్సిగూడలో ఒక కోచింగ్ సెంటర్లో పాఠాలు చెప్పుకుంటూ బతకసాగాను. సూర్యకళ మళ్లీ చీరల డిజైన్లకు పోయింది.

భిక్షపతి సంవత్సరీకానికి రమ్మని కబురు పంపింది. ఆటపెట్టె కూడా తెమ్మంది, ఆమె దగ్గర ఉన్నది పాడైందట. వెళ్లేసరికి పోచంపల్లి నుంచి భిక్షపతి తల్లి సాలమ్మ వచ్చి ఉంది. కొడుకును లారీ అదిమేశాక దవాఖానాలో ఉన్నన్నాళ్లూ సేవ చేసి, అతన్ని గదికి తెచ్చాక ఊరికి వెళ్లిపోయిన తల్లి. నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది.

"కండ్లు మూస్తే మంచంల పన్నదే కనబడుతది కొడుకా. గీ ఏడాది సంది గంతే. నా కొడుకు నడిసింది ఎంత యాది జేసుకున్నా వస్తలేదు. టీవీల నడుస్తడని కోడలు సెప్పింది. గది సూద్దమనే వచ్చిన" అంది.

"సూపిస్త అత్తా" అంది సూర్యకళ.

తూర్పు కిటికీలో భిక్షపతి ఫోటో ఉంది, దండ వేసి ఉంది. ఫోటో పక్కన ఆ చిప్పు. సూర్యకళ దాన్ని తెచ్చి ఇచ్చింది. ఆటపెట్టెకు తగిలించి మీట వేశాను. టీవీ అంతా బూడిదరంగు. చిప్పు తీసి, గుడ్డతో తుడిచి, మళ్లీ పెట్టాను. అదే బూడిద. మూడోసారి తీసినప్పుడు చూశాను, చిప్పు మీద కాగితం లేదు.

ఆ చిప్పుల నడుమ గుండ్రంగా చిన్న గాజు అద్దం ఉంటుంది. చెరపాలంటే దానిగుండా నీలి దీపం వెలుగు పడనిస్తాం. ఎండ పడ్డా అదే పని జరుగుతుంది, కాకపోతే నెమ్మదిగా. అందుకే ఆ అద్దం మీద కాగితం అంటిస్తాం. బొమ్మల బల్ల దగ్గర కూర్చునే మనిషికి ఇవేవీ తెలిసే అవసరం రాలేదు.

"అక్కా, దీని మీద కాగితం ఉండాలి" అన్నాను.

"తీసేసిన. చెరపాలె అని రాసుండె గద. ఆయన ఫోటో పక్కన గా మాట ఎట్ల పెడ్తం?" అంది. తర్వాత నా మొహం చూసింది. "ఏమైంది తమ్మీ? చెప్పు."

ఆటపెట్టె పాడైందని అబద్ధం ఆడదామనుకున్నాను. ఆమె చూపు ముందు నోరు రాలేదు. చెప్పాను. కిటికీలోంచి రోజూ పొద్దున ఎండ పడిందనీ, ఇప్పుడు అందులో ఏమీ లేదనీ, మళ్లీ ఎక్కించడానికి ఆ బొమ్మలు ఎక్కడా మిగల్లేదనీ చెప్పాను. ఆమె చిప్పును అరచేతిలోకి తీసుకుంది. ఏడవలేదు. ఆమె ఏడ్చి ఉంటే నాకు కొంచెం సులువయ్యేది.

సాలమ్మకు ఇదేమీ అర్థం కాలేదు. టీవీకి ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుంది. "ఏడి బిడ్డా? ఇంకెప్పుడొస్తడు?" అంది.

సూర్యకళ చిప్పును నేల మీద పెట్టి లేచింది. కొంగు బిగించి బొడ్లో దోపింది. తలుపు దాకా పోయి అత్త వైపు తిరిగి నడిచింది. ఎడమకాలు బరువుగా వేసింది, కుడి భుజం చిన్నగా లేపింది, ఒక అర అడుగు తొందరగా వేసింది. చిన్న గది, నాలుగు అడుగులకే అయిపోయింది.

సాలమ్మ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. "గట్లనే. గట్లనే నడుస్తుండె నా కొడుకు" అంది. కళ్లు తుడుచుకుని, "ఇంకోపారి నడువు బిడ్డా" అంది.

సూర్యకళ మళ్లీ తలుపు దాకా పోయి నడిచి వచ్చింది. ముసలమ్మ మళ్లీ అడిగింది. నేను టీవీ తీగలు చుట్టుకుంటూ కూర్చుని, సిగ్గు విడిచి ఏడ్చాను. ఆమె అడుగుతూనే ఉంది, ఈమె నడుస్తూనే ఉంది.